మందు పెట్టిన చెయ్యి

కల్యాణి గంజి గిన్నెతో గడప దాటితే చాలు, కట్టమ్మ కళ్లు ఆమె చేతుల మీద పడతాయి. మొహం చూడదు. పలకరిస్తే పలకదు. గిన్నె కింద పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకునేదాకా ఆ వేళ్లనే చూస్తూ ఉంటుంది. మంచంలో మనిషి ఎముకల గూడైపోయింది, లేచి కూర్చోవాలంటే ఇద్దరు పట్టాలి, కానీ ఆ కళ్లకు మాత్రం ఎక్కడలేని సత్తువ. కల్యాణి తిరిగి పోతుంటే ఆ చూపు వీపుకు తగులుతూనే ఉంటుంది. తన ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నా వదలదు.

"ఆడ పెట్టిపో" అంటుంది కట్టమ్మ. ఇంకో మాట ఉండదు. సాయంత్రం వచ్చి చూస్తే గంజి పైన పొర కట్టి అట్లాగే ఉంటుంది.

ఇద్దరూ యారాండ్లు, అన్నదమ్ములను చేసుకున్నవాళ్లు. నర్మెట్టలో మామ కట్టించిన ఇల్లు ఒకటే. అన్న భిక్షపతి, తమ్ముడు ఐలేశ్ వేరుపడ్డప్పుడు నడుమ ఒక గోడ లేపి రెండిళ్లు చేశారు. ఆ గోడ ఎంత పలచనంటే ఇటువైపు పోపు వేస్తే అటువైపు తుమ్ములు. కల్యాణి కొత్త కోడలిగా వచ్చినప్పుడు పత్తి ఏరడం నేర్పింది కట్టమ్మే, జొన్నరొట్టె చేత్తో తట్టడం నేర్పిందీ కట్టమ్మే. కల్యాణి కొడుకు పుట్టినప్పుడు పురిటి నీళ్లు పోసింది కూడా ఆమె. అటువంటి మనిషి ఇప్పుడు తన గురించి ఏమనుకుంటోందో కల్యాణికి తెలుసు. వాడకట్టంతా తెలుసు. కల్యాణి తనకు మందు పెట్టిందని అనుకుంటోంది.

మందు పెట్టడమంటే, కూరలోనో కల్లులోనో ఏదో పసరు కలిపి తినిపిస్తారట. అది కడుపులో గడ్డకట్టి కూర్చుని మనిషిని లోపల్నుంచి తినేస్తుందట. తిన్నది ఇమడదు, ఒళ్లు చిక్కిపోతుంది, జుట్టు రాలిపోతుంది, మొహం నల్లబడుతుంది. కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరు, నమ్మనివాళ్లూ ఒక్కరూ లేరు. కట్టమ్మకు ఈ లక్షణాలన్నీ ఉన్నాయి. ఉండక ఎక్కడికి పోతాయి? ఆమెకు ఉన్నది కడుపులో క్యాన్సర్. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, ఒక్క కట్టమ్మకు తప్ప.

తప్పంతా అక్కడ మొదలైంది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో గొంతులోంచి కెమెరా వేసి చూసిన రోజున డాక్టరు చెప్పింది విని భిక్షపతి గోడకు జారగిలబడ్డాడు. "మా ఆమెకు చెప్పకున్రి సారూ, గా పేరింటనే భయానికి పోతది" అన్నాడు. భార్యకు కడుపులో పుండు అని చెప్పాడు. కీమో ఎక్కిస్తుంటే బలానికి సెలైన్ అన్నారు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి దిండు మీద పడుతుంటే గరం మందులు గదా అన్నారు. ఒక అబద్ధం చెప్తే సరిపోతుందా, దాన్ని నిలబెట్టడానికి రోజుకొకటి కావాలి. దవాఖానలో తోడున్నది కల్యాణే కాబట్టి వాటిలో సగం అబద్ధాలు ఆమె నోటితోనే వచ్చాయి. ప్రేమతోనే చెప్పింది. ప్రేమతో చెప్పినా అబద్ధం అబద్ధమేనని అప్పుడు తోచలేదు.

నాట్లు పడే రోజుల్లో రెండోసారి స్కానింగ్ తీశారు. డాక్టరు భిక్షపతినీ కల్యాణినీ గదిలోకి పిలిచి, తలుపు వేసి, నిదానంగా చెప్పాడు. "జబ్బు కాలేయానికి పాకింది. ఇంక కీమో ఇస్తే బాధ పెరుగుతుంది తప్ప ఆయుష్షు పెరగదు. అంటే వైద్యం మానేస్తున్నామని కాదు. ఇప్పటినుంచి నొప్పి తగ్గించడం, వాంతులు ఆపడం, మంచిగా నిద్రపోయేటట్టు చూడడం, అదే వైద్యం. జనగామ నుంచి నర్సులు ఇంటికే వచ్చి చూస్తారు, నేను రాసిస్తాను."

"ఎన్నొద్దులు సారూ?" అన్నాడు భిక్షపతి.

"కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. కొన్ని నెలలు అనుకోండి. ఆమెకు చెప్పండి. ఆమె మనసులో ఏముందో అడగండి. మీరు చెప్పకపోతే ఆమెకు తోచింది ఆమె అనుకుంటుంది."

భిక్షపతి బుద్ధిగా తల ఊపాడు. బయటికి వచ్చి నల్లా కింద మొహం కడుక్కుని, బెంచీ మీద ఎదురుచూస్తున్న భార్య దగ్గరికి పోయి, "నయమైందట. ఇంటికి పొమ్మన్నరు" అన్నాడు. కల్యాణి పక్కనే ఉంది. కాదని అనలేదు. కట్టమ్మ సంబరం చూడాలి. దారిలో జనగామ బస్టాండులో పట్టుబట్టి ఆపించి, మహబూబాబాద్‌లో ఉన్న తన బిడ్డ స్వాతి కూతురికి రంగురంగుల గాజులు కొన్నది.

మరి నయమైన మనిషికి నొప్పి ఎందుకు పెరగాలి? రెండు ముద్దలు తింటే మూడు ముద్దలు ఎందుకు కక్కాలి? ఇంటాయనను అడిగితే చూపు తప్పిస్తాడు. బిడ్డను ఫోన్లో అడిగితే మళ్లీ చేస్తానని పెట్టేస్తుంది. యారాలును అడిగితే, "తగ్గుతదక్కా, జర ఓర్చుకో" అంటుంది. అందరూ ఏదో దాస్తున్నారని కట్టమ్మకు అర్థమైంది. చదువు లేదు కానీ ఆమె బుర్ర లేని మనిషి కాదు. ఏం దాస్తున్నారో తెలియలేదు, అంతే. అప్పుడే చూసిపోవడానికి వచ్చిన చుట్టపామె ఒకతె మంచం పట్టె మీద కూర్చుని, "ఎవలన్న మందు పెట్టిన్రేమో చూపిచ్చుకోరాదు వదినే" అని ఒక మాట వేసి, చాయ్ తాగి బస్సెక్కి పోయింది. ఆమెకేం పోయింది. ఆ మాట ఇక్కడ ఈ ఇంట్లో వేళ్లు పాతుకుంది.

ఎవరు పెట్టారు? ఎప్పుడు పెట్టారు? మంచంలో పడుకుని వెనక్కి వెనక్కి పోయి వెతుక్కుంది కట్టమ్మ. నిరుడు ఎండాకాలం బోరు నీళ్ల వంతు దగ్గర యారాండ్లిద్దరికీ మాటా మాటా పెరిగి, చాలా రోజులు పలకరింపులు లేవు. తర్వాత కల్యాణికే మనసు ఆగక, కట్టమ్మకు ఇష్టమని బోటి కూర వండి, గిన్నె కొంగు కింద పెట్టుకుని గోడ చుట్టూ తిరిగి పోయింది. "తిను అక్కా, కోపం ఎన్నొద్దులు పెట్టుకుంటవు" అని తన చేత్తోనే పెట్టింది. ఇద్దరూ ఏడ్చి నవ్వుకున్నారు. ఆ రాత్రే కట్టమ్మకు మొదటిసారి వాంతి అయింది. అప్పటికే కడుపులో జబ్బు ఉందని ఎవరు చెప్పాలి ఆమెకు? రాజీ కోసం తెచ్చిన కూర కాస్తా ఇప్పుడు నేరమైంది.

కాటారం అవతల అడవి అంచు ఊళ్లో మందు కక్కించే ఆయన ఉన్నాడని ఎవరో చెప్పారు. తీసుకుపొమ్మని కట్టమ్మ మొండికేసింది. వద్దనడానికి భిక్షపతి దగ్గర ఒకే ఒక కారణం ఉంది, అది నోరు తెరిచి చెప్పలేడు. కాబట్టి కారు మాట్లాడుకుని, గోతుల రోడ్ల మీద ఆ ఎముకల గూడును అంత దూరం మోసుకుపోయాడు. అతని మీద కోపం రావాలో జాలిపడాలో తెలియదు. ఆ పసరాయన ఏదో తాగించాడు, ఆమె పేగులు బయటికి వచ్చేటట్టు కక్కింది, ఆయన ఆ కక్కులోంచి నల్లటి ఉండ ఒకటి పుల్లతో పైకి తీసి చూపించాడు. "సగం వచ్చింది. వేరు లోపట్నే ఉన్నది. పెట్టినోళ్లు పెట్టిన అని నోటితోటి ఒప్పుకుంటె దానంతటదే కరుగుతది" అన్నాడు.

ఆ మాట పట్టుకుని తిరిగి వచ్చింది కట్టమ్మ. ఆ రోజు నుంచే కల్యాణి చేతి గంజి మంచం కింద పొర కట్టడం మొదలైంది.

జనగామ నుంచి వారానికోసారి దవాఖాన బండి వస్తుంది. అందులో వచ్చే నర్సు పేరు రాణి. నొప్పికి మార్ఫిన్ గోలీలు ఇచ్చి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళకు వేయాలని, అలవాటవుతుందని భయపడవద్దని, మలబద్ధకం చేస్తుంది కాబట్టి దానికి వేరే మందు కూడా తప్పకుండా వేయాలని ఇంట్లోవాళ్లకు నేర్పింది. భిక్షపతికి ఆ గోలీలంటే భయం, తన చేత్తో వేయడు. వేసేది కల్యాణి. ఆమె వేస్తే కట్టమ్మ నోట్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని దిండు కింద ఉమ్మేస్తుంది. ఆ వారం రాణి దుప్పటి మార్చబోతే గోలీలు కింద రాలాయి.

"గిదేంది కట్టమ్మక్కా, మందు ఏస్కోకపోతే నొప్పి ఎట్ల తగ్గుతది?" అంది రాణి.

"మందు పెట్టిన చేత్తోనే మందు తీస్కోమంటరా?" అంది కట్టమ్మ, కల్యాణి చేతులకేసి చూస్తూ.

కల్యాణికి భూమి చీలితే బాగుండుననిపించింది. రాణి కల్యాణిని చూసింది, కట్టమ్మను చూసింది, గోలీలు ఏరి డబ్బాలో వేసింది.

నొప్పి వచ్చినప్పుడు కట్టమ్మ అరవదు. పళ్లు బిగపట్టి గొంతులోంచి సన్నగా ఒక రాగం తీస్తుంది. గోడ అవతల కల్యాణి బియ్యం ఏరుతున్నా వినిపిస్తుంది, మిక్సీ వేసినా దాని కిందినుంచి వినిపిస్తుంది. ఒక్కోసారి కట్టమ్మ నిద్రపోతున్నప్పుడు కూడా వినిపిస్తుంది, లేచి పోయి చూస్తే ఏమీ ఉండదు. కల్యాణికి తన చేతుల మీదే అనుమానం పట్టుకుంది. ఆ రోజు బోటి ఎక్కడ కడిగింది, ఏ గిన్నెలో వండింది, పొలానికి కొట్టే మందు డబ్బా ఆ దరిదాపుల్లో ఉందా అని గుర్తు తెచ్చుకుంటూ కూర్చునేది. డాక్టరు మాట తన చెవులతో విన్న మనిషి. అయినా చెయ్యి కడిగిందే కడిగేది.

ఒకనాడు ఐలేశ్ కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి ఆగాడు.

"ఏమైంది?" అంది కల్యాణి.

"ఏం లేదు, జర కాలుతంది."

అన్నం చల్లారి చాలాసేపయింది. ఐలేశ్ తలవంచుకుని గబగబా తిన్నాడు, ఇంకొంచెం కూర కూడా వేయించుకున్నాడు. ఆ ఎక్కువ వేయించుకోవడమే కల్యాణి గుండెలో గుచ్చుకుంది. ఈయన కూడానా అనుకుంది.

మగవాళ్లు పత్తి చేనుకు పోయిన ఒక పొద్దున కట్టమ్మే గోడ మీద చేత్తో కొట్టి పిలిచింది. కల్యాణి పరుగున పోయింది.

"తలుపు ముయ్యి. ఇట్ల కూసో" అంది కట్టమ్మ. ఎన్నాళ్లకో వినిపించిన మెత్తటి గొంతు. "నిన్ను తిట్ట. పంచాయితి పెట్ట. మీ బావకు గూడ చెప్ప. పెట్టిన అని ఒక్క మాట అను, చాలు. నాకింక బతుకాలనున్నదే కల్యాణి. మనుమరాలి పెండ్లి చూడాలని లేదు గని, అది బడికి పోంగ జూడాలనుంది."

"అక్కా, నేనెందుకు పెడ్త? నా కొడుకు మీద ఒట్టు, నేను పెట్టలే."

కట్టమ్మ మొహం ఒక్కసారిగా వాడిపోయింది. కోపంతో కాదు. భయంతో.

"ఒట్టు పెట్టకే. నువ్వు ఒట్టు పెడితె నేనెట్ల బతుకాలె?" అంది, అని గోడవైపు తిరిగి పడుకుంది.

కల్యాణి తన ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఒక్క మాట. అంటే ఏం పోతుంది? పోవడానికి చాలానే ఉంది. ఇట్లాంటి పేరు పడ్డ ఆడదాన్ని ఊరు ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. పిల్లలను ఆమె ఇంటి ముందునుంచి పోనివ్వరు, చేతి నీళ్లు తాగరు, పక్కింట్లో గొడ్డు ఈనక చస్తే ఆమె వైపే చూస్తారు. చివరికి ఏదో ఒకరోజు నలుగురు తాగి తలుపు కొడతారు. రేపు హనుమకొండ హాస్టల్ నుంచి వచ్చే కొడుకును ఏ పేరుతో పిలుస్తారు? ఇవన్నీ అటుంచినా, తాను చేయలేదు. అది చిన్న సంగతి కాదు.

సాయంత్రం భిక్షపతి పెరట్లోకి వచ్చాడు. కల్యాణి గిన్నెలు తోముతోంది. ఆయన దగ్గి, మెల్లగా అన్నాడు.

"పిల్లా, ఆమెతోని ఒక్క మాట అనరాదు? పాణం జర కుదుటవడ్తది. అన్నంత మాత్రాన నువ్వు పెట్టినట్టా?"

కల్యాణి పీచు పక్కన పడేసి లేచింది. పెళ్లయినప్పటినుంచీ బావ ముందు గొంతు పెంచని మనిషి.

"బావా, రిపోర్టులు నీ బీరువల్నే ఉన్నయి గద. నీకెరికే గద."

"ఎరికే. గని క్యాన్సరని దానికి ఏ నోటితోటి చెప్పాలె?"

"మరి మంత్రగత్తెనని నేను ఏ నోటితోటి చెప్పుకోవాలె? ఆమెను నువ్వు గోలీలేసి సముదాయిస్తలేవు, చెప్పి సముదాయిస్తలేవు. నా బతుకు ఇచ్చి సముదాయించమంటున్నవ్. ఇన్నొద్దులు నేను గూడ దాచిన. ఇగ దాయ."

భిక్షపతి అక్కడే బండ మీద కూలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. పాపం, దుర్మార్గుడు కాడు. ఆ పేరు నోట్లోంచి వస్తే భార్య ఆ క్షణమే పోతుందని నిజంగా నమ్మాడు. ఎన్ని నమ్మకాలో ఆ ఇంట్లో. కల్యాణికి ఆయన మీద జాలి కలిగింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

బండి వచ్చిన రోజు కల్యాణి రాణిని వాకిట్లోనే ఆపి అంతా చెప్పింది. రాణి వింటూ చెప్పులు విడిచింది.

"చెప్పుదం. గని మీద పోసినట్టు చెప్పొద్దు. ముందుగాల ఆమెకేమెరుకనో అడుగుదం. ఎంత తెలుసుకోవాలనుకుంటదో గంతే చెప్పుదం. నువ్వొక్కదానివి చెప్పకు, నేనుంట" అంది.

లోపలికి పోయి మంచం పక్కన కూర్చుని, చేయి పట్టుకుని అడిగింది. "కట్టమ్మక్కా, నీకేమైందనుకుంటున్నవ్?"

"మందు పెట్టిన్రు."

"ఇంట్లవాళ్లు ఏం చెప్పిన్రు?"

"పుండన్నరు. మానింది అన్నరు. మానితె నేను గిట్లెందుకుంట? నన్ను పిచ్చిదాన్ని చేసిన్రు."

"అసలు సంగతి చెప్పమంటవా? వద్దంటే చెప్పం. నీ ఇష్టం."

 కట్టమ్మ తల తిప్పి కల్యాణిని చూసింది. చేతులను కాదు, మొహాన్ని.

"కల్యాణే చెప్పాలె" అంది.

కల్యాణి మంచం దగ్గరికి జరిగింది. "అక్కా, నీ కడుపులున్నది క్యాన్సర్. మొదటి దినం నుంచి గదే. కార్జానికి గూడ పాకింది. సెలైన్లని పెట్టింది గా రోగానికే. ఇగ అవి పనిజెయ్యయన్నరు. గందుకే ఇంటికి తోలిన్రు."

"మందు కాదా?"

"కాదక్కా."

"అయితె కక్కితె పోదు."

"పోదు."

కట్టమ్మ ఏడవలేదు. వాళ్లు భయపడినట్టు పోనూ లేదు. ఊపిరి తీసుకుంటూ వదులుతూ అట్లాగే ఉండి, చివరికి అంది. "నువ్వు పెట్టినవంటెనే నేను బతుకుత కల్యాణి. పెట్టినోళ్లుంటె తీసెటోళ్లుంటరు. గందుకే నువ్వే అనుకున్న. అనుకోనీకి నాకు మంచిగ లేకుండె. అయినా అనుకున్న."

ఇంత మాట విన్నాక మనిషి మీద కోపం ఎట్లా నిలుస్తుంది? కల్యాణి ఆమె కాళ్ల దగ్గర తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నీకూ ఎరికేనా మొదటిసంది?" అంది కట్టమ్మ.

"ఎరికే."

"నువ్వన్న చెప్పకపోతివి" అంది, అంతే. 

ఎన్నాళ్లుంటానని కట్టమ్మ రాణిని అడిగింది. "ఏండ్లు కాదక్కా. బతుకమ్మ పండుగ చూస్తవనుకుంటున్న. ఆ తర్వాతది నేను చెప్పలేను. నొప్పి లేకుంట మాత్రం చూసుకుంటం, అది చెప్పగల్గుత" అంది రాణి. కట్టమ్మ గోలీ ఇవ్వమని చెయ్యి చాపింది. కల్యాణి ముందుకే చాపింది.

ఆదివారం స్వాతి వచ్చినప్పుడు కట్టమ్మ అందరినీ మంచం దగ్గరికి పిలిపించింది. భిక్షపతి, ఐలేశ్, స్వాతి తలలు వంచుకుని నిలబడ్డారు. వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లకు కూడా వినబడాలని ఉన్న సత్తువంతా కూడగట్టి మాట్లాడింది.

"నా కడుపుల ఎవ్వలు మందు పెట్టలే. నాకు క్యాన్సర్. మీకందరికెరికె. రోగం పేరు చెప్పనీకి సిగ్గుపడ్డరు గని, కల్యాణి మీద నింద పడుతుంటె చూసుకుంట ఊకున్నరు. నేనంటె తెల్వక అన్న. మీకేమైంది?"

 ఐలేశ్ కల్యాణి వైపు చూడలేకపోయాడు. స్వాతి తల్లి మీద పడి ఏడ్చింది, తల్లి బిడ్డ వీపు నిమిరింది. భిక్షపతి మాత్రం ఆ రోజు మొదటిసారి ఎవరూ చెప్పకుండానే డబ్బా తీసి, వేళ చూసుకుని, భార్యకు తన చేత్తో గోలీ వేశాడు.

తర్వాత కొన్ని మంచి వారాలు నడిచాయి. నిజం తెలిశాక కట్టమ్మ చావలేదు సరికదా, కొంచెం బతికింది. గోడ అవతలినుంచి ఆ సన్నని రాగం ఆగిపోయింది. కల్యాణి చేతి గంజి రెండు చెంచాలు దిగేది. తన చీరల్లో ఏది ఎవరికో చెప్పింది, దహనం వద్దు, చెల్క చేను ఒడ్డున అత్తమామల పక్కనే పూడ్చమంది. బతుకమ్మ రోజున కుర్చీలో కూర్చోబెట్టి వాకిట్లోకి తెస్తే, తంగేడు పువ్వు పక్కన గునుగు సరిగా పేర్చలేదని కల్యాణిని అందరి ముందూ విసుక్కుంది. కల్యాణికి ఆ విసుగు ఎంత బాగుందో చెప్పలేం. తప్పు పేర్చినదాన్ని విప్పి మళ్లీ పేర్చింది.

పండుగ పోయాక కళ్లు పచ్చబడ్డాయి. నిద్ర ఎక్కువైంది. మాట ముందుకూ వెనక్కూ పోవడం మొదలైంది. చచ్చిపోయిన అత్త గుమ్మంలో నిలబడి ఉందని, లోపలికి రమ్మనమని అనేది. రాణి ముందే చెప్పింది, కార్జం పని ఆగుతుంటే బుద్ధి తేటగా ఉండదు, పాతవన్నీ వస్తాయి, కాదని గదమాయించవద్దని. కల్యాణి గుమ్మం వైపు చూసి, "రా అత్తా" అనేది. అంటుంటే ఆమెకే ఒళ్లు జలదరించేది.

ఒక మధ్యాహ్నం. భిక్షపతి మందుల కోసం జనగామ పోయాడు. కల్యాణి దూదితో పెదాలు తడుపుతుంటే కట్టమ్మ కళ్లు తెరిచింది.

"ఎవలే?"

"నేనే అక్కా, కల్యాణిని."

"ఇంకెవలున్నరు?"

"ఎవ్వలు లేరు."

"అయితె జెప్పు. బోటి కూరల పెట్టినవ్ గద?"

కల్యాణి చేతిలో దూది ఆగిపోయింది. రాణి మాటలు, ఆదివారం అందరి ముందూ తానే అన్న మాట, అన్నీ ఆ తలలోంచి జారిపోయాయి. ఆశ ఒక్కటే మిగిలింది. ఆ పచ్చటి కళ్లు మళ్లీ బతిమాలుతున్నాయి. క్యాన్సర్ అక్కా అని ఇంకోసారి చెప్పవచ్చు. మొదటిసారి విన్నట్టే వింటుంది, మళ్లీ మొదటినుంచీ భయపడుతుంది, సాయంత్రానికి మరిచిపోయి మళ్లీ అడుగుతుంది. ఒక మనిషికి ఆ మాట ఎన్నిసార్లు చెప్పాలి? బలవంతపెట్టినప్పుడు అనలేదు. ఊరు ముందు పేరు పోతుందన్నప్పుడు అనలేదు. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు, వినేవాళ్లు లేరు. కల్యాణి గుమ్మం వైపు ఒకసారి చూసుకుంది.

"పెట్టిన అక్కా" అంది.

కట్టమ్మ ఒళ్లంతా సడలింది. "నాకెరికేనే. మరి తీస్తవా?"

"తీసిన. ఇప్పుడే తీసిన. అంత పోయింది."

"పోయిందా" అంది కట్టమ్మ. పెదాలు కొంచెం నవ్వాయి. కల్యాణి హమ్మయ్య అనుకుంది. అంతలో కట్టమ్మ మళ్లీ కళ్లు తిప్పింది.

"ఎందుకు పెట్టినవే?"

దీనికి కల్యాణి సిద్ధంగా లేదు. చేయని పనికి కారణం ఎక్కడినుంచి తేవాలి? ఏమీ లేదంటే అంతా చెడుతుంది. "కోపమొచ్చిందక్కా. నీళ్ల కాడ" అంది.

 కట్టమ్మ మొహం నొచ్చుకున్నట్టు కొద్దిగా ముడుచుకుంది. తర్వాత చెయ్యి తడుముకుంటూ వచ్చి కల్యాణి వేళ్లను పట్టుకుంది.

"గంత కోపమా నా మీద" అంది. "పోనీతియ్. చిన్నదానివి. నేనెవ్వలికి చెప్ప."

అదే ఆఖరి మాట. మర్నాడు పొద్దెక్కేసరికి, నొప్పి లేకుండా, నిద్రలోనే పోయింది.

కల్యాణి ఏడుపు చూసి ఊరంతా ముక్కున వేలేసుకుంది. యారాలు కోసం ఇంతగా ఏడ్చేవాళ్లు ఎక్కడైనా ఉంటారా అన్నారు. అంత నింద వేసినా చివరిదాకా కడుపులో పెట్టుకుని చూసుకుందన్నారు. భిక్షపతి అందరి ముందూ చేతులు జోడించి, "నీ చేతి మీదనే మంచిగ పోయింది పిల్లా" అన్నాడు. కట్టమ్మ నిజం తెలుసుకుని, నింద తుడిచేసి పోయిందని అందరూ సంతోషపడ్డారు. కట్టమ్మ తనను మన్నించి పోయిందని కల్యాణి ఒక్కదానికే తెలుసు. చేయని తప్పుకు దొరికిన ఆ మన్నింపును ఏం చేసుకోవాలో ఆమెకు ఇప్పటికీ తెలియదు.